ఊకె జరం పడే పిల్ల

అవ్వ దినాలనాడు మా ఇంటి ముందు టెంటు కింద అన్నాలు వడ్డిస్తుంటే, లచ్చమ్మ అనే ముసలామె నా చెయ్యి పట్టుకుని ఆపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా తడిమి చూసి, "నువ్వు కిష్టమ్మ మనుమరాలివే గదా? గా ఊకె జరం పడే పిల్లవు. ఇప్పుడెట్లున్నది బిడ్డా పానం?" అని అడిగింది. నా రెండో చేతిలో నిండు పప్పు బకెట్టు ఉంది, వణక్కుండా పట్టుకున్నాను. ఆడపిల్లల గురుకులంలో ఆటల టీచర్ని నేను. తెల్లారకముందే లేచి పిల్లలతో పాటు గ్రౌండు చుట్టూ పరుగెత్తుతాను. నాకు మాటిమాటికీ జరమేమిటి? ముసలితనం, మతిమరుపు అనుకుని నవ్వబోయాను. ఇంతలో పక్క విస్తరి ముందున్నామె, "అవు, పాపం. పోయిన యేడు గుడ కిష్టమ్మ చెప్పింది, పిల్ల పానం బాగుంటలేదని" అంది. ఎదురుగా ఉన్నామె ఎవరో మంచి తాయెత్తు కట్టేవాడు ఉన్నాడని ఊరి పేరుతో సహా చెప్పింది. ఒకరు కాదు, ఇద్దరు కాదు, వాడ వాడంతా నన్ను రోగిష్టిదాన్ని చూసినట్టు జాలిగా చూస్తోంది! అవ్వ చచ్చేదాకా ఆ మాట చెబుతూనే ఉందన్నమాట. నాకు ఉద్యోగం వచ్చాక కూడా, నేను మంచు కొండ ఎక్కి దిగాక కూడా! బకెట్టు కింద పెట్టి, దొడ్లోకి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. దిమ్మ తిరిగిపోయింది అంతే.

ముప్పై నిండని దానికి జ్ఞాపకాలేమిటని నవ్వేవాళ్లు నవ్వండి. నవ్వితే నాకేం పోదు. మా వాడలో ముప్పై నిండకముందే బతుకు మొత్తం అయిపోయినవాళ్లు ఉన్నారు, వాళ్ల గురించి ఎవరూ రాయలేదు.

మా ఊరు కల్వకుర్తి దగ్గర. నాయిన, అమ్మ పట్నంలో కట్టుబడి పనికి పోయేవాళ్లు. దసరాకు, పీర్ల పండక్కి వచ్చి, వచ్చినట్టే పోయేవాళ్లు. నన్ను పెంచింది అవ్వే, మా అమ్మను కన్నతల్లి. అవ్వ కోడి కూయకముందే లేచేది. వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లిన పచ్చి వాసన, ఆ వెనకే పొయ్యిలో పత్తికట్టె అంటుకున్న పొగ, ఆ తరవాత జొన్నరొట్టె చరుస్తున్న చప్పుడు. ఇవి ఒకదాని వెనక ఒకటి వస్తే తెల్లారినట్టు నాకు లెక్క. రొట్టె పెనం మీద పొంగుతుంటే అవ్వ తడి బట్టతో అద్దేది, ఆవిరి నా మొహాన కొట్టేది. వెల్లిపాయ కారం, పైన ఇంత పల్లి నూనె. ఇప్పుడు ఎన్ని తిన్నా ఆ రుచి లేదు. నేను గబగబా తినేదాన్ని, ఇంకో రొట్టె కావాలని అడిగేదాన్ని. అవ్వ వేసేది. కానీ గుమ్మంలో ఎవరైనా కనబడితే చాలు, నా పళ్లెం కొంగు కింద దాచి, "ఏడ తింటదమ్మా, పిట్ట తిన్నట్టు తింటది" అనేది. నోటి నిండా రొట్టెతో నేను గుడ్లప్పగించి చూసేదాన్ని.

బోరింగు నుంచి నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో వచ్చేదాన్ని. దారిలో కొత్త మనిషి ఎదురైతే అవ్వ ఎక్కడి నుంచో పరుగున వచ్చి ఒక బిందె లాక్కునేది. ఎండాకాలంలో కూడా నాకు నాయిన పాత ఫుల్‌చేతుల అంగీ తొడిగేది. మా ఇంట్లో మెచ్చుకోవడమనేది లేదు. లెక్కలు సరిగ్గా చేసినా, గడ్డిమోపు ఒక్కదాన్నే ఎత్తినా, అవ్వ వినబడనట్టే ఉండేది. పిల్ల బలంగా పెరిగిందని చుట్టాలు ఎవరైనా అంటే అవ్వ మొహం నల్లబడేది. "ఏడ బలం? ఊకె జరం పడ్తది" అనేసి, వాళ్లు పోయాక నా చుట్టూ ఉప్పు తిప్పి పొయ్యిలో వేసేది. ఊళ్లో బడి సారు పరుగుపందెంలో నిలబెడితే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. "వద్దు సారూ, గీ పిల్లతోని గాదు."

చిన్నపిల్లకు రోజూ చెబితే నమ్మదా? నమ్మాను. పొద్దున లేవగానే నా నుదురు నేనే ముట్టుకుని చూసుకునేదాన్ని. వరుసలో చివర నిలబడేదాన్ని, భుజాలు ముడుచుకుని, మెడ వంచి. అలా నిలబడమని నేర్పింది కూడా అవ్వే. "కండ్లల్ల పడకు" అనేది. ఏ పని చెప్పినా ముందు నా నోట వచ్చే మాట ఒకటే: "నాతోని గాదు." చేయగలనో లేదో చూసుకోకుండానే.

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు గురుకులంలో సీటు వచ్చింది. అవ్వ పంపుతుందనుకోలేదు. చూడ్డానికి వచ్చి, వంటశాల చూసింది, మంచాలు చూసింది. చివరికి ప్రహరీ గోడ దగ్గర నిలబడి, ఎత్తు ఎంతుందో కళ్లతోనే కొలిచి, "గోడ మంచిగున్నది. ఉండనియ్యి" అంది. చదువు ఎలా చెబుతారని అడగలేదు! గోడ చూసి బడిలో చేర్చిన మనిషిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

అక్కడ ఆటలు నేర్పేది విజయ మేడం. హుజూర్‌నగర్ దిక్కు మనిషి, పొట్టిగా, గట్టి గొంతుతో ఉండేది. మొదటి రోజే నేను, "నాతోని గాదు మేడం, నాకు ఊకె జరమొస్తది" అన్నాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "సల్లగున్నది గదనే" అని ఊరుకుంది. బడి వెనక ఒక బోడగుట్ట ఉండేది, చెట్టూ చేమా లేని నున్నటి బండ. దాని మీద పిల్లలకు తాడుతో ఎక్కడం నేర్పేది మేడం. బండ పైన కొట్టిన ఇనుప కడియంలోంచి తాడు కిందికి వస్తుంది. ఒక కొస ఎక్కే పిల్ల నడుముకు, ఇంకో కొస కింద మేడం నడుము కొక్కెంలోంచి వెనక్కి. ఆ వెనక తాడు పట్టుకుని నిలబడే పని ఒక పిల్లది. జారితే ఆ చెయ్యే ఆపాలి. ఆ పని మేడం ఎవరికిచ్చేదో తెలుసా? బడిలో అందరికంటే ఎక్కువ భయపడే పిల్లకు! ఇదేం చోద్యమని పెద్దక్కలు అడిగితే, "భయం లేనోళ్లు ఆకాశం సూసుకుంట నిలబడ్తరు. భయమున్నోళ్లకు కండ్లు తాడు మీదనే ఉంటయ్" అనేది. అలా నా చేతికి తాడు వచ్చింది.

అమ్మో, ఆ మొదటి రోజు! పైన అరుణ అనే పిల్ల బండకు బల్లిలా కరుచుకుని ఉంది, కింద నా అరచేతులు చెమటకు జారుతున్నాయి. కాలు తప్పి ఆమె జారింది. మేడం కంటే ముందు నా చేతులు బిగుసుకున్నాయి. తాడు ఆగింది. పైన అరుణ ఊగుతూ నవ్వుతోంది, కింద నేను చెట్టులా నిలబడి ఉన్నాను. ఒక మనిషి బరువును ఆపాను నేను, జరం పిల్లను! ఆ తరవాత ఆడపిల్లలు, "స్వరూప పట్టుకుంటెనే నేనెక్కుత" అని పట్టుబట్టడం మొదలుపెట్టారు. నన్ను ఎవరూ పొగడలేదు. పొగిడితే నమ్మేదాన్ని కాదు కూడా. నా చేతిని నమ్మి పైకెక్కారు, అది మాత్రం కాదనలేకపోయాను. ఒక వానాకాలం, ఒక చలికాలం తాడు పట్టాను. ఎండలు ముదరకముందే ఒక రోజు, ఎవరూ చెప్పకుండానే, తాడు నా నడుముకు కట్టమని అడిగాను. ఎక్కాను. పైనుంచి చూస్తే మా బడి, చెరకురసం బండి నిలబడే రోడ్డు, దూరంగా పత్తిచేలు. నాకే నమ్మబుద్ధి కాలేదు.

అసలు సంగతి జరిగింది ఆ తరవాత, తల్లిదండ్రులు పిల్లల్ని చూడ్డానికి వచ్చే ఒక ఆదివారం. మంచు కొండల్లో శిక్షణకు పిల్లల్ని ఎంపిక చేయడానికి పట్నం నుంచి ఒక కోచ్ సారు వచ్చాడు. మమ్మల్ని గ్రౌండులో వరుసగా నిలబెట్టాడు. ఒక్కొక్కరి దండచెయ్యి ఒత్తి చూశాడు, అరచేతులు తిప్పి చూశాడు, గుంజీలు తీయించాడు. పనికొచ్చేవాళ్లను ఒక పక్కకు, వేపచెట్టు కిందికి పంపుతున్నాడు. నా దండ ఒత్తి, "ఈ అమ్మాయి గట్టిది" అని నన్ను కూడా చెట్టు కిందికి పొమ్మన్నాడు. నేను అడుగు వేశానో లేదో, గేటు దగ్గర నుంచి ఒక కేక. అలాంటి కేక నేను మనిషి గొంతులో విని ఎరుగను.

అవ్వ! చేతిలో సద్దిగిన్నె ఎక్కడ పడేసిందో, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని గ్రౌండుకు అడ్డంగా పరుగెత్తుకొస్తోంది. వచ్చి నాకూ కోచ్ సారుకూ మధ్య నిలబడింది. "ఇడువు సారూ, గీ పిల్లను ఇడువు! గీమె పనికి రాదు! ఊకె జరం పడ్తది, రోగిష్టిది!" అంటూ ఒక చేత్తో నా మెడ పట్టి కిందికి వంచుతోంది. వంచి నా చెవిలో, పళ్ల మధ్య నుంచి, "దగ్గు. దగ్గవే!" అంటోంది. నేను దగ్గాను. బడి మొత్తం చూస్తుంటే, బండ ఎక్కి దిగే పిల్లను, మెడ వంచుకుని ఖళ్లుఖళ్లున దగ్గాను! కోచ్ సారు చేతిలోని విజిల్ జారవిడిచి నోరు తెరిచాడు. వంటశాలలోంచి వంటామె గరిటెతో సహా బయటికి వచ్చింది.

విజయ మేడం వచ్చి, "అవ్వా, గీ పిల్ల ఈడికొచ్చినకాంచి ఒక్కనాడు గుడ దవాఖానకు పోలే. జరమెక్కడిది?" అంది. "మీకేమెరుక?" అని కసిరింది అవ్వ. అప్పుడు నాకు ఏమైందో, మెడ మీద చెయ్యి విదిలించుకుని అడిగాను: "అవ్వా, నిజం చెప్పు. నాకు జరం ఎప్పుడొచ్చింది?"

అవ్వ నన్ను చూసింది. మేడాన్ని చూసింది. "ఎప్పుడు రాలే! ఎప్పుడు గుడ రాలే! సాలునా?" అని అరిచి, అక్కడే మట్టిలో కూలబడింది.

మరి ఇన్నేళ్లు? నుదురు ముట్టుకుని చూసుకున్న పొద్దులన్నీ? మేడం అవ్వను లేపి వరండాలోకి తీసుకుపోయింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, స్తంభానికి ఆనుకుని నేల మీదే కూర్చుంది. మంచినీళ్లు తాగి, నా దిక్కు చూడకుండా చెప్పింది.

"మీ అమ్మ కంటె పెద్దది నాకొక బిడ్డ ఉండె. బాలమ్మ."

నాకు పెద్దమ్మ ఉందా? ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. అమ్మ కూడా ఎన్నడూ అనలేదు.

"గప్పుడు కరువు. కూలికి మనుషులను తోల్కపోయే గుంపు మేస్త్రి వచ్చి వాడోళ్లందరిని గిట్లనే వరుసల నిలబెట్టిండు. గిట్లనే దండలు ఒత్తిండు. గట్టోళ్లను గిట్లనే ఒక పక్కకు జరిపిండు. మీ అమ్మ సిన్నది, వంగి నా కొంగుసాటుకు నిలబడ్డది, దాని దిక్కు సూడలే. బాలమ్మ నిటారుగ నిలబడ్డది. 'గీ పిల్ల మోస్తదా' అన్నడు. నేనే చెప్పిన. 'నా బిడ్డ ఇద్దరి పెట్టు సారూ, జొన్నల బస్తా ఒక్కతే లేపుతది' అని సంబురంగ చెప్పిన. లారీ ఎక్కిచ్చుకపోయిండు."

"యాడికి అవ్వా?" అని అడిగాను.

"ఎరుక లేదు. యాడనో కట్ట పని అన్నరు. ఏ ఊరని అడగలే. మేస్త్రి పేరు గుడ అడగలే. పనిచ్చెటోన్ని పేరడుగుతరా? ఎదురు నిలబడి మాట్లాడుతరా? వానలు పడ్డంక ఎంటవోయినోళ్లు తిరిగొచ్చి చెప్పిన్రు, బండ కింద పడ్డదని. ఆడనే పూడ్చిన్రట. ఏడనో గుడ తెల్వది బిడ్డా నాకు. నా నోటితోని పొగిడి నేనే పంపిన."

రొట్టె పళ్లెం దాచింది, బిందె లాక్కుంది, ఎండలో అంగీ తొడిగింది ఇందుకా! నాకు ధైర్యం లేదని సార్లు, మేడాలు అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. మా ఇంట్లో మాత్రం అది పిల్లను బతికించుకునే ఉపాయం.

కోచ్ సారు మెల్లగా, పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే పిల్లను తీసుకుపోనని చెప్పాడు. నాకు పోవాలని ఉంది. ఎంతుందంటే, అవ్వ కన్నీళ్లు చూస్తూ కూడా ఉంది. విజయ మేడం అవ్వను బతిమాలలేదు, ఓదార్చలేదు. "అవ్వా, ఈడ ఎవలకు ఎక్కువ భయమైతె వాళ్లే తాడు పట్టాలె. ఇయ్యాల నీ అంత భయం ఎవలకు లేదు. దా" అని చెయ్యి పట్టి బోడగుట్ట దగ్గరికి నడిపించింది. తాను ముందు నిలబడి, వెనక తాడు అవ్వ చేతుల్లో పెట్టింది. నేను ఎక్కాను. కింద నుంచి అవ్వ, "పైలం, పైలం, ఓ దేవుడా, పైలం" అంటూనే ఉంది. పైకి చేరాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇక దిగాలి. దిగాలంటే కింద తాడు కొంచెం కొంచెం వదలాలి. అవ్వ వదలదే! బండకు అడ్డంగా గాల్లో వేలాడుతున్నాను. "జర ఇడువు అవ్వా!" అని అరిచాను. "ఇడువ! పడ్తవు!" అని అవ్వ. "ఇడువకుంటె ఎట్ల దిగుత?" "దిగకు! ఆడనే ఉండు!" బడి బడంతా, "అవ్వా ఇడువు, అవ్వా ఇడువు" అని గోల. కోచ్ సారు నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ పై నుంచి అవ్వ మొహం చూశాక ఆగిపోయింది. కళ్లు రెప్ప వేయడం లేదు. మేడం ఆమె చేతుల మీద చేతులు వేసి, ఏదో మెల్లగా చెప్పింది. జానెడు తాడు కదిలింది. నేను జానెడు దిగాను. మళ్లీ జానెడు. ఎండ బండ మీది నుంచి జరిగిపోయేంత సేపు పట్టింది. నా కాళ్లు నేలను తాకాక కూడా అవ్వ తాడు విడవలేదు, మేడమే ఒక్కొక్క వేలూ విడదీసింది.

కోచ్ సారు కాగితం, సిరా డబ్బీ తెచ్చి వేలిముద్ర వేయమన్నాడు. అవ్వ వేలు ముందుకు పెట్టలేదు. ఎన్నడూ ఏ ఆఫీసరు ముందూ తలెత్తని మనిషి, మొహం పైకెత్తి ఆయన కళ్లలోకి చూసింది. "నీ పేరేంది సారూ?" అని అడిగింది. ఆయన చెప్పాడు. "ఏ ఊరు?" చెప్పాడు. "మీ అమ్మ పేరు?" ఆయన తడబడ్డాడు, అది కూడా చెప్పాడు. "గీ పిల్లను ఏ ఊరికి తోల్కపోతున్నవ్? ఆడ తాడు ఎవలు పడ్తరు? ఆయన పేరేంది?" అక్కడున్న మేమంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు, తాడు పట్టే మనిషి పేరు తెలియకపోతే ఫోను చేసి కనుక్కుని మరీ చెప్పాడు. అవ్వ ఒక్కొక్క పేరూ నోట్లో తిప్పుకుంటూ, పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు ఆయనకు తిరిగి అప్పజెప్పింది. అప్పుడు వేసింది వేలిముద్ర.

మంచు కొండలకు పోయాను, క్షేమంగా వచ్చాను. ఇప్పుడు నేను పనిచేసే బడికి ఆత్మవిశ్వాసం నేర్పడానికి కోటు వేసుకున్నవాళ్లు వస్తుంటారు. "నేను గొప్పదాన్ని" అని పిల్లలతో గట్టిగా అరిపించి, ఫోటోలు దిగి, సమోసాలు తిని పోతారు. అరిస్తే వచ్చేదైతే మా వాడలో అందరి దగ్గరా ఈపాటికి బస్తాలకొద్దీ ఉండేది. వాళ్లు పోయాక నేను తాడు తీస్తాను, ఎక్కువ భయపడే పిల్లను పిలుస్తాను. మెడ వంచి నిలబడే పిల్ల కనబడితే వీపు చరిచి నిటారుగా నిలబెట్టను. ఎవరు వంగమన్నారో అడుగుతాను. అప్పట్లో మా అవ్వకు ఎవరూ జవాబుదారీ కాలేదు. ఇప్పుడు పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోయినా, అడగకముందే నా పేరు, మా ఊరు, మా అమ్మ పేరు తల్లులకు చెప్పి మరీ తీసుకుపోతాను. కొందరు వింతగా చూస్తారు. చూడనీ.

ఆ ఆదివారం పొద్దు గుంకే వేళ అవ్వను బస్సు ఎక్కించడానికి గేటు దాకా పోయాను. చేతులు తాడు ఒరిపిడికి ఎర్రగా కమిలిపోయాయి, పమిట కొసతో చుట్టుకుంది. బస్సు వచ్చి ఆగింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి, అవ్వ అటూ ఇటూ చూసింది. బస్సులో వాళ్లు వినడం లేదని, గేటు దగ్గర వాచ్‌మెన్ వినడం లేదని రూఢి చేసుకుంది. నా తల దగ్గరికి లాక్కుని చెవిలో అంది:

"నువ్వు గట్టిదానివే బిడ్డా. శాన గట్టిదానివి. ఎవ్వలకు చెప్పకు."